తొమ్మిది వందల డెబ్బయ్యయిదు కోట్ల సాక్షి

సంఖ్యను చూసి సంకెళ్ళు వేశారు. కేసంతా కలిపి ఇంతే.

బుధవారం మధ్యాహ్నం తాండూరులో బాల్‌రాజ్ గారి బండల పాలిషింగ్ యార్డులో గుమాస్తా పని చూసే మున్షీ దేవప్ప తల పగిలి పడిపోయాడు. పక్కన రక్తమంటిన గడ్డపార. చేతికి మూరెడు దూరంలో ఉన్న నాపరాతి బండ మీద ఎర్రటి మైనపు చాక్‌పీసుతో రాసిన పది అంకెలు: 9753086421. ఎస్సై వచ్చి ఆ నంబరుకు ఫోన్ కొట్టాడు. అది అక్కడే, రక్తంతో తడిసిన గొంగడి పట్టుకుని నిలబడ్డ కుల్కచర్ల గొర్లకాపరి బీరయ్య జేబులో మోగింది.

మోగింది ఫోనే అయినా, ఇరుక్కుంది మాత్రం బీరయ్యే.

గురువారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు డిటెక్టివ్ కిష్టప్ప ఆ యార్డు గేటు దాటాడు. ముప్పై ఏళ్ళు రైల్లో టీసీగా పనిచేసి, వికారాబాద్ జంక్షన్లో దిగిన ప్రతి దొంగప్రయాణికుణ్ణీ నడక చూసి పట్టినవాడు. అప్పట్లో టికెట్లు చింపేవాడు, ఇప్పుడు కేసులు చింపుతున్నాడు. వెనకాలే అతన్ని పిలుచుకొచ్చిన బీరయ్య బిడ్డ అంజలి. వికారాబాద్‌లో డిగ్రీ లెక్కలు చదువుతోంది. లెక్కలు చేసే పిల్ల కాబట్టి ఎవర్నీ లెక్కచేసే పిల్ల కాదు.

దేవప్పకు ఇంకా స్పృహ రాలేదు. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఉన్నాడు.

"కిష్టప్పన్నా, పన్నెండున్నరకు వ్యాన్ కదుల్తది," అన్నాడు ఎస్సై. "వికారాబాద్ కోర్టుల హాజరుపెట్టి రిమాండ్ అడుగుతం. గప్పటిదాంక ఏం చూస్కుంటవో చూస్కో."

"ఎనభై నిమిషాలా? మా ప్యాసింజర్ బండి నయం సారూ, గింతకన్నా ఎక్కువ లేటు ఇచ్చేది."

నవ్వినవాడు ఎస్సై ఒక్కడే. బండల దొంతికి ఆనుకుని నిలబడ్డ మహిధర్ నవ్వలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ అతను. యార్డులో పాలిష్ చేసిన బండలు మాయమవుతున్నాయని, దొంగను పట్టమని బాల్‌రాజ్ నెల కిందట పెట్టుకున్న మనిషి. నెల గడిచినా దొంగ దొరకలేదు కాని, నిన్న సాయంత్రం అరగంటలో హంతకుడు దొరికేశాడు.

"హత్య కేసు తేలిపోయింది, తీసుకెళ్ళండి," అన్నాడు మహిధర్.

"హత్యాయత్నం," సరిదిద్దాడు కిష్టప్ప. "మనిషి బతికే ఉన్నడు. జల్దీ ఎందుకు సార్?"

"ఇంకేం మిగిలింది తేల్చడానికి?" మహిధర్ నల్లకళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "బండల దొంగ ఈ గొర్లకాపరే. ట్రాలీ ఆటోతో సహా వచ్చాడు. దేవప్ప పట్టుకున్నాడు. గడ్డపారతో కొట్టాడు. పోయే ప్రాణం తనను కొట్టినవాడి నంబరు రాసిపెట్టింది. ఇంతకంటే మరణ వాంగ్మూలం కావాలా?"

"మరణించినంక అడుగుదాం మరణ వాంగ్మూలం." కిష్టప్ప బీరయ్య వైపు తిరిగాడు. "బీరన్నా, నిన్నటి సంగతి చెప్పు. టైముతోటి చెప్పు."

బీరయ్య సంకెళ్ళు గలగలమన్నాయి. అరవై దాటిన మనిషి. గొంతు మాత్రం గుట్టమీద మందను పిలిచే గొంతే.

"గొర్ల మందులకని తాండూరొచ్చిన. ఒంటిగంట ఇరవైకి మున్షీ ఫోన్ చేసిండు. నీ ఇంటి బండలు తయారైనయ్, బండి తెచ్చుకో అన్నడు. ట్రాలీ మాట్లాడుకోని ఒకటి యాభైకి గేటు కాడ దిగిన. మనుషులెవ్వరు లేరు. అందరు షెడ్డు కాడ అన్నాలు తింటుండ్రు. దొంతి ఎనక జూస్తే మున్షీ పడున్నడు. గొంగడి తలకు ఒత్తిపట్టి అందర్ని రమ్మని ఒర్లిన. గంతే."

"నీ నంబరు బండమీద చూసినవా?"

"చూసిన."

"మరి తుడిచెయ్యలేదేంది?"

"నేనెందుకు తుడుస్త?" బీరయ్య తలెత్తాడు. "తప్పు జేసినోడు తుడుస్తడు."

"చదువు రాదు కదా, అది తన నంబరని తెలిసి ఉండదు," అన్నాడు మహిధర్.

బీరయ్య అతని వైపు ఒకడుగు వేశాడు. కానిస్టేబుల్ గొలుసు లాగినా ఆగలేదు. "అంకెలు రాకుంటే మంద ఎట్ల కాస్తరు సారూ? నా గొర్లు నూట నలభై మూడు. పొద్దుమూకి ఒక్కటి తక్కువున్నా నాకు నిద్ర పట్టదు. నీకు నెల దినాల సంది బండలు పోతుంటే మంచిగనే నిద్ర పట్టినట్టుంది!"

యార్డులో కూలీలు కిసుక్కుమన్నారు. మహిధర్ కళ్ళద్దాలు మళ్ళీ కిందికి దిగాయి.

ఆఫీసు మెట్ల మీద బాల్‌రాజ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్ద రైతు కుటుంబం, పొలంలో రాయి తేలితే వ్యవసాయం మానేసి వ్యాపారంలోకి వచ్చినవాడు. ఒక్క రాత్రిలో రెండేళ్ళు పెరిగినట్టున్నాడు.

"పటేలా, దేవప్ప మీతోటి ఆఖరుకు ఏం మాట్లాడిండు?"

"నిన్న పొద్దున పది గంటలకు ఆఫీసుకొచ్చిండు. బండలు తీస్కపోతున్నదెవరో తెలిసింది, ఒక్కపారి నా కండ్లతోటి చూసి పొద్దుమూకి పేరు చెప్త అన్నడు." బాల్‌రాజ్ ఆ బండ వైపు చూశాడు. "ఇరవై ఏండ్ల సంది నా దగ్గరున్నడు. నేను అప్పుడే గట్టిగ అడగాల్సుండె."

"ఆ పేరు రాయలేక నంబరు రాశాడు," అందుకున్నాడు మహిధర్. "నేను నాలుగున్నరకు హైదరాబాద్ నుంచి వచ్చి ఒక్క చూపులో చెప్పిన ముక్క అది."

"ఆ నంబరు గురించి మీకేం తెలుసు సార్?"

అడిగింది అంజలి. అంతసేపూ నాన్న సంకెళ్ళ వైపే చూస్తూ నిలబడ్డ పిల్ల మహిధర్ ఎదురుగా వచ్చింది.

"ఫోన్ నంబరు గురించి తెలియడానికేముందమ్మా?"

"మీకు ఫోన్ నంబరు. కిష్టప్ప కాకకు పది అంకెలు చూస్తే రైలు టికెట్ నంబరు. నాకది తొమ్మిది వందల డెబ్బయ్యయిదు కోట్ల ముప్పై లక్షల ఎనభై ఆరువేల నాలుగు వందల ఇరవై ఒకటి." ఒక్క ఊపిరిలో చదివింది. "ఎస్సై సార్, జర మీ ఫోన్‌ల కాలిక్యులేటర్ తీయుండ్రి. తొమ్మిది నుంచి సున్నా దాంక దిగేసుకుంట పది అంకెలు కొట్టుండ్రి. దాంట్లకెల్లి సున్నా నుంచి తొమ్మిది దాంక ఎక్కించుకుంట కొట్టి తీసెయ్యుండ్రి."

ఎస్సై కొట్టాడు. 9876543210. తీసివేత. 0123456789. తెర మీద వచ్చింది చూసి ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ అదే వచ్చింది.

"9753086421," అన్నాడు నెమ్మదిగా.

"దీని పుట్టుక అది. ఇగ దీని గుణం వినుండ్రి. దీంట్ల పది అంకెలున్నయ్, ఏదీ రెండుసార్లు రాలే. అంటే దీన్ని చెదరగొట్టి, పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, దాంట్లకెల్లి తిరగేసింది తీసేస్తే మళ్ళ ఇదే వస్తది. పదిసార్లు చెయ్యుండ్రి, వందసార్లు చెయ్యుండ్రి. ఎంత చెదరగొట్టినా దాని తీర్గనే అది మళ్ళ నిలబడ్తది."

"అచ్చం మా నాయిన లెక్క," అని ఆమె అనలేదు. కాని సంకెళ్ళున్న మనిషి వీపు నిటారుగా అయింది.

"బేసి సంఖ్య," అంజలి ఆగలేదు. "ప్రధాన సంఖ్య గాదు. ఇరవై ఏడుతోటి పోతది, పదమూడుతోటి పోతది, పదమూడును తిరగేసిన ముప్పై ఒకటితోటి గూడ పోతది. తనను ఇడిచిపెట్టి మిగిలిన భాజకాలన్నీ తెచ్చి కూడినా దీనంత కావు. గసొంటిదాన్ని న్యూన సంఖ్య అంటరు."

"న్యూన సంఖ్య!" మహిధర్ చప్పట్లు కొట్టాడు. "పేరులోనే తక్కువతనం ఉంది. చివరి మూడంకెలు చూశారా? నాలుగు వందల ఇరవై ఒకటి. చార్‌సౌబీస్‌కు ఒకటి ఎక్కువ!"

"ఆ ఎక్కువైన ఒక్కడెవడో చూద్దాం," అన్నాడు కిష్టప్ప. "బిడ్డా, గీ నంబరు మీ ఇంటికెట్లొచ్చింది?"

"వికారాబాద్‌ల సిమ్ముల దుకాణంల ఫ్యాన్సీ నంబర్లని వేరే లిస్టు ఉంటది. అన్నీ తొమ్మిదులు, సున్నాలు వరుసగ ఉన్నయే. ఇది దాంట్ల లేదు. ఒక్క అంకె గూడ రెండుసార్లు రాలేదు, ఎవడు గుర్తుపెట్టుకుంటడని పక్కకు పడేసిండు. గంత ఫ్యాన్సీ నంబరు వాని దుకాణంల ఇంకోటి లేదని వానికి తెల్వదు. నేను మా నాయిన పేరు మీద తీస్కున్న."

"దేవప్పకు ఎట్ల తెలిసింది?"

"పోయిన నెల ఇంటికి బండలు చూడనీకి నాయిన, నేను వచ్చినం. మున్షీకి ఫోన్‌ల పేర్లు దాచుకునుడు రాదు. నంబరు చెప్పమన్నడు. గుర్తుపెట్టుకునే పనేలేదు పెద్దనాయినా, పైన తొమ్మిది నుంచి సున్నా, కింద సున్నా నుంచి తొమ్మిది రాసి తీసివేత చెయ్యి, మా నంబరు అదే వస్తది అన్న. చేసిండు. వచ్చింది. చిన్నపిల్లగాని లెక్క నవ్విండు."

పాలిషింగ్ మిషన్ పక్కన నిలబడ్డ జంగప్ప అనే పనివాడు గొంతు సవరించుకున్నాడు. కన్నడం కలిసిన తెలుగు అతనిది. "హౌదు సార్. మాకు గూడ చేసి చూపిచ్చెటోడు మున్షీ. మా మున్షీకి పుస్తకం లేదు, ఏం లేదు. ఏది రాసినా బండమీదనే. బీరయ్యకు ఫోన్ చెయ్యాల్నంటే మల్లా లెక్క చేసెటోడు. ఇదో జాదూ చూడ్రి అనెటోడు."

"నిన్నెందుకు చెప్పలే?" ఎస్సై గద్దించాడు.

"ఎవ్వరూ అడగలే సార్. ఆ సారు వచ్చి ఒక్కడు గూడ నోరు తెరవొద్దు, పోలీసులకు నేను మాట్లాడ్త అన్నడు." జంగప్ప చూపుడువేలు మహిధర్ మీదికి పోయి, భయపడి వెనక్కి వచ్చింది.

పదకొండు నలభై. కిష్టప్ప పోలీసుల తాడు దాటి బండ దగ్గర గొంతుక్కూచున్నాడు. పాలిష్ కాని పచ్చి బండ. నిలువున నాలుగడుగులు, నేలమీద కాస్త వాలుగా పరిచి ఉంది. అంకెలకు పైనా కిందా కాస్త ఎర్రటి మసక. దేవప్ప చెయ్యి రాసుకుని అయిందని పంచనామాలో ఉంది.

"ఎస్సై సార్, మనిషన్నోడు ఫోన్ నంబరు ఎటునుంచి రాస్తడు?"

"ఎడమ నుంచి."

"మరి గీడ చూడుండ్రి. కుడిపక్క చివరి ఒకటి సన్నగ ఉంది, అప్పుడే చెక్కిన చాక్‌పీసు కొన లెక్క. నాలుగు కాడికొచ్చేసరికి లావైంది. ఎడమ చివర తొమ్మిది బొటనవేలంత ఉంది. చాక్‌పీసు అరుగుకుంట పోయింది ఎటు? కుడి నుంచి ఎడమకు. ఉర్దూల తప్ప ఏ భాషల రాస్తరు సారూ గట్ల?"

ఎస్సై వంగి చూశాడు. "తీసివేతల," అన్నాడు. "ఒకట్ల స్థానం నుంచి మొదలు పెడ్తరు."

"అంకెలకు పైన గీ అడ్డగీత చూసిండ్రా? సగం పోయింది, సగముంది."

"అది బండలో పగులు," అన్నాడు మహిధర్.

"ఎర్ర పగులా? బండకు రక్తపోటా ఏంది?" కిష్టప్ప లేచి నిలబడ్డాడు. "ఇను మహిధర్ సార్. గీ తీసివేతల ఐదుసార్లు పక్కింటికెల్లి అప్పు తెచ్చుకోవాలె. తల పగిలి నెత్తురు కారుతున్నోడు ఐదుసార్లు అప్పు తెచ్చి, పది అంకెలు తప్పులేకుంట తీసేసి, నీ కోసమని రాసిపెట్టి పడిపోయిండా? నాకు తల మంచిగున్నప్పుడే రెండో అప్పు కాడ దారి తప్పుత. దేవప్ప గిది ఒంటిగంట ఇరవైకి రాసిండు. బీరన్నకు ఫోన్ చేయనీకి రాసిండు. దెబ్బ తాకింది ఆ తర్వాత."

"ఊహ! పైన ఆ రెండు వరసలేవి? గాల్లో పెట్టి తీసేశాడా?"

"గదే నేనడుగుత. ఏవి?" కిష్టప్ప గొంతు పెరిగింది. "తీసివేత లెక్కను తుడిచివేత లెక్క చేసిందెవరు? జంగప్పా, బకెట్ నీళ్ళు తే."

"ఆగండి!" మహిధర్ తాడు దాటి వచ్చాడు. "ఎస్సై గారూ, ఇతను ఆధారం కడిగేస్తున్నాడు. నేను పై అధికారులకు రాస్తాను. ఈ రైలు టీసీ లైసెన్సు..."

"రాయి సార్. చుట్టూ రాళ్ళే ఉన్నయ్, ఎంతంటే అంత రాయి." కిష్టప్ప కదల్లేదు. "మైనం నీళ్ళకు పోతదా? పోయేదైతే పొద్దంత నీళ్ళు పారే పాలిషింగ్ యార్డుల దాంతోటి ఎందుకు రాస్తరు? సుద్దముక్క కొనుక్కుంటే చాలు గద. ఏం పటేలా?"

బాల్‌రాజ్ మెట్లు దిగి వచ్చాడు. "నిజమే. మైనం గుర్తు నీళ్ళకు పోదు సార్."

ఎస్సై గడియారం చూసుకున్నాడు. పదకొండు యాభై రెండు. "నీళ్ళు పొయ్యి," అన్నాడు జంగప్పతో. "వీడియో తియ్యి," అన్నాడు కానిస్టేబుల్‌తో.

తాండూరులో బండ కొనేవాడెవడూ నీళ్ళు పొయ్యకుండా కొనడు. తడిస్తే రాయి నల్లబడుతుంది. దాని అసలు రంగూ, లోపలి పగులూ అప్పుడే బయటపడతాయి. జంగప్ప చేతికి ఇరవై ఏళ్ళ అలవాటు. బండ పై అంచున మెల్లగా వంపాడు. నీళ్ళు పలచటి తెరలా కిందికి జారాయి. రాయి నల్లబడింది.

కొన్ని చోట్ల నల్లబడలేదు.

మైనం ఇంకిన చోట నీళ్ళు నిలవలేదు. నల్లటి రాతిలో తెల్లగా, పొడిగా, ఒక్కొక్కటీ తేలి వచ్చాయి. 9, 8, 7, 6. దాని కింద 0, 1, 2, 3. రెండు నిండు వరసలు. పక్కన తీసివేత గుర్తు. కింద అడ్డగీత, ఈ చివర నుంచి ఆ చివరకు. ఆ గీత కింద ఎర్రగా మిగిలిపోయిన బీరయ్య నంబరు.

అంజలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. "ఫస్టు మార్కు మున్షీకే," అంది.

"తుడిచినోడు పొడిగుడ్డతోటి తుడిచిండు," అన్నాడు కిష్టప్ప. "కంటికి కనబడకుంటే పోయిందనుకున్నడు. బండల మనిషైతే గట్ల అనుకోడు. పటేల్ అనుకోడు, జంగప్ప అనుకోడు. బీరన్నకు గూడ మున్షీ ఒక్కొక్క బండ మీద నీళ్ళు పోసి చూపిచ్చినంకనే అమ్మిండు. ఇగ మిగిలింది బయటోడు. ఒక నంబరు ఇడిచిపెడితే ఎవడో ఒకడు దొరుకుతడనుకున్న బయటోడు."

"కాక," అంజలి గొంతు మారింది. "నీళ్ళు ఇంకా కిందికి పోతున్నయ్. జూడు."

ఎర్ర నంబరు కింద, మసకగా ఉన్న చోట, రాయి మళ్ళీ నల్లబడుతోంది. అక్కడ కూడా ఏదో తేలుతోంది. ఈ రాత వేరు. వంకర. ఒక అంకె పైన, ఒకటి కింద. పడిపోతున్న మనిషి నేలమీంచి చెయ్యి చాచి రాసిన రాత.

7919.

"ప్రధాన సంఖ్య," అంది అంజలి అలవాటుగా. "దేంతోటి భాగించినా పోదు."

"ప్రధాన సంఖ్య గాదు బిడ్డా. ప్రధాన సాక్షి." కిష్టప్ప గేటు వైపు వేలు చూపాడు.

గేటు బయట వేపచెట్టు నీడలో తెల్ల కారు నిలబడి ఉంది. నంబరు ప్లేటు మీద చివరి నాలుగంకెలు చదవడానికి డిగ్రీ లెక్కలు అక్కర్లేదు.

"నాన్సెన్స్!" మహిధర్ గొంతు చీలింది. "నా కారు ఈ నెలలో పదిసార్లు వచ్చింది. ఎప్పుడో రాసుకుని ఉంటాడు. నిన్న నేను నాలుగున్నరకు..."

"మహిధర్." బాల్‌రాజ్ పేరు ఒక్కటే పలికాడు. గారు లేదు, సారు లేదు. "నిన్న పది గంటలకు దేవప్ప నా ఆఫీసుల కెల్లి పోయినంక నేను ఒక్క ఫోనే చేసిన. దేవప్పకు దొంగ తెలిసిండట, సాయంత్రం పేరు చెప్తడట అని. ఆ ముచ్చట నా ఇంటిదానికి గూడ చెప్పలే. నీకొక్కనికే చెప్పిన."

బండ అంచు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి.

మహిధర్ రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగుకు జంగప్పా, ఇంకో నలుగురు పనివాళ్ళూ గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఎస్సై చెయ్యి చాచాడు. "కారు తాళాలు."

తాళాలు ఇటొచ్చాయి. సంకెళ్ళు అటెళ్ళాయి. బీరయ్య మణికట్లు రుద్దుకున్నాడు.

"ఇంటికి పో బీరన్నా," అన్నాడు ఎస్సై. "స్టేషన్‌ల ఒక్క సంతకం పెట్టి పో."

"నేను పోను," అన్నాడు బీరయ్య. "మున్షీని చూసినంకనే పోత. ఆయన కాడ ఎవరున్నరు?"

బాల్‌రాజ్ గిరుక్కున మహిధర్ వైపు తిరిగాడు. "దవాఖాన కాడ... మహిధరే ఇద్దరు మనుషులను కావలి పెట్టిండు. ఖర్చులు నేను చూస్కుంట అంటే, మనుషులను నేను చూస్కుంట అన్నడు."

మహిధర్ మొదటిసారి నవ్వాడు. "స్పృహ వస్తే కదా సాక్ష్యం," అన్నాడు.

అంజలి అప్పటికే ఫోన్ తీసింది. పొద్దున దేవప్పను చూడబోయినప్పుడు వార్డు నర్సు రాహేలమ్మ దగ్గర తీసుకున్న నంబరు. స్పీకర్ పెట్టింది. నాలుగు రింగులు. ఐదు.

"ఎవరు? అంజలా?" గొంతు గుసగుసగా ఉంది. "బిడ్డా, గీ మనిషిని తీస్కపోనీకి ఇద్దరొచ్చిండ్రు. స్ట్రెచర్ గూడ పట్టుకొచ్చిండ్రు. హైదరాబాద్ పెద్ద దవాఖానకట. డాక్టర్ సంతకమేదన్న. అవుతల మర్చిపోయినమన్నరు. పొయ్యి తెచ్చుకోండ్రని అవుతలికి పంపి లోపట గొళ్ళెం పెట్టిన. ఇరవై రెండేండ్ల సంది చేస్తున్న. సంతకం లేకుంట నా వార్డుల కెల్లి దిండు గూడ బయటికి పోదు. మనిషిని పంపుతనా?"

"రాహేలమ్మా, నేను ఎస్సైని. తలుపు తియ్యకు. వికారాబాద్ స్టేషన్‌కు చెప్తున్న, అయిదు నిమిషాలు..."

ధన్‌మని దెబ్బ. ఫోన్లోంచి వచ్చింది ఆ చప్పుడు. వెంటనే ఇంకొకటి. మూడో దెబ్బకు చెక్క చీలింది.

"గుద్దుండ్రి!" ఇప్పుడు గుసగుస లేదు. రాహేలమ్మ గొంతు ఫోన్ దాటి యార్డంతా వినబడింది. "ఎంత గుద్దుతరో గుద్దుండ్రి! ఇనుప మంచం అడ్డమేసిన, దాని మీద నేను కూసున్న!"